నలుచదరం మీద గుండ్రం: దక్కన్ గుమ్మటాల వెంట

గురువారం, కలబురగి

తాండూరు దాటాక బోగీ సగం ఖాళీ అయింది. మావయ్య సంచిలోంచి బత్తాయి తీసి అడ్డంగా కోశాడు. గుజ్జంతా తినేసి, ఒక సగం తొక్కను కిటికీ దగ్గర బల్ల మీద బోర్లించాడు. "దీని నడినెత్తిన వేలుపెట్టి నొక్కరా" అన్నాడు. నొక్కాను. తొక్క అంచు వెడల్పుగా జరిగి, రెండు చోట్ల కింద నుంచి పైకి చీలింది. "పైన చెక్కుచెదరలేదు, చూశావా? కిందే చీలింది. గుమ్మటం కట్టేవాడికి నిద్ర పట్టనివ్వనిది ఇదే."

మావయ్య రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా కల్వర్టులు, ఆఫీసు భవనాలు, శ్లాబులు. ఒక్క గుమ్మటం కూడా కట్టే అవకాశం రాలేదన్న వెలితి ఆయనకు లోలోపల ఉంది. నాకేమో పాత కట్టడాల పిచ్చి. బహమనీల తొలి రాజధాని గుల్బర్గాలో (ఇప్పటి కలబురగి) మొదలుపెట్టి, బీదర్, బీజాపూర్ చూసుకుని, చివరికి మన ఇబ్రహీంబాగ్‌లో, కుతుబ్ షాహీ గోరీల దగ్గర తేలుదామని నేను వేసిన ప్లాను. మ్యాపులో చూస్తే ఇది తిక్క రూటు. హైదరాబాద్‌కు బీదరే దగ్గర. దాన్ని వదిలేసి ముందు గుల్బర్గా వెళ్లి, మళ్లీ వెనక్కి బీదర్ వచ్చి, అక్కడి నుంచి మళ్లీ గుల్బర్గా మీదుగానే బీజాపూర్ పోవాలి. ఏం చేస్తాం, రాజధానులు అలా మారాయి.

గుమ్మటానికి కష్టాలు రెండు. ఒకటి బత్తాయి తొక్క చూపించింది: బరువు నేరుగా కిందికి దిగదు, పక్కలకు తోస్తుంది. అర్ధగోళంలా ఉన్న గుమ్మటంలో నడినెత్తి నుంచి సుమారు 52 డిగ్రీల వరకూ ఉన్న రాళ్లు ఒకదాన్నొకటి అదుముకుని ఉంటాయి. అక్కడి నుంచి కిందికి వచ్చే వరసలు విడిపోవాలని చూస్తాయి. రాయికీ ఇటుకకూ అదిమితే పర్వాలేదు, లాగితే ఆగవు. రెండో కష్టం ఇంకా మొండిది. గది నలుచదరం, గుమ్మటం గుండ్రం. నాలుగు మూలల్లో ఖాళీ మిగిలిపోతుంది. ఆ ఖాళీ మీద ఏం పెట్టాలి?

రోమన్లు ఈ రెండో కష్టాన్ని తప్పించుకున్నారు. రోములోని పాంథియన్ గుడిలో గోడలే గుండ్రంగా కట్టేశారు. 43 మీటర్ల వ్యాసంతో, ఇనుము లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఈనాటికీ అదే పెద్దది. ఇరాన్‌లో సాసానియన్లు మూలకు అడ్డంగా ఒక చిన్న కమాను కట్టి, నలుచదరాన్ని ఎనిమిది పలకలు చేసి, దాని మీద గుండ్రం కూర్చోబెట్టారు. ఇస్తాంబుల్ హగియా సోఫియాలో, 537లో, మూలల నుంచి వంపు తిరిగిన త్రికోణాలు లేపి వాటి మీద గుమ్మటం నిలిపారు. 558లో అది కూలింది. మళ్లీ ఇంకాస్త ఎత్తుగా కట్టారు. ఎత్తు పెరిగితే పక్కకు తోసే బలం తగ్గుతుంది కదా. మన దేశంలో అంతకుముందు రాతి వరసను కొద్ది కొద్దిగా ముందుకు జరుపుతూ పైకప్పు మూసేవాళ్లు. అసలు కమాను, దాని వెంట అసలు గుమ్మటం, 13వ శతాబ్దం చివర, 14వ శతాబ్దం మొదట్లో ఢిల్లీలో నిలదొక్కుకున్నాయి. అక్కడి నుంచి దక్కన్‌కు దిగాయి.

వాడి, షాబాద్ వచ్చాయి. మా అమ్మమ్మ ఇంట్లో పరిచిన బండలు ఇక్కడివే.

గుల్బర్గా కోటలోని జామి మసీదు ముందు నిలబడితే మొదట ఏదో లోటుగా అనిపిస్తుంది. కాసేపటికి తెలుస్తుంది, మసీదుకు ఉండాల్సిన బయలు ప్రాంగణం లేదు. సుమారు 66 మీటర్ల పొడవు, 54 మీటర్ల వెడల్పు ఉన్న జాగా మొత్తానికీ పైకప్పు వేసేశారు. అరవైకి పైగా చిన్న గుమ్మటాలు, నాలుగు మూలలా నాలుగు కాస్త పెద్దవి, మెహరాబు (నమాజు దిక్కు చూపే గోడగూడు) ముందు అన్నిటికన్నా పెద్దది ఒకటి. 1367 నాటి శాసనంలో ఇరాన్‌లోని ఖజ్వీన్ నుంచి వచ్చిన రఫీ పేరు ఉంది. బహమనీ రాజ్యం పుట్టి అప్పటికి 20 ఏళ్లు.

లోపల చుట్టూరా ఉన్న వసారాలో కమానులు విచిత్రంగా ఉంటాయి. చాలా వెడల్పు, కానీ మోకాలి ఎత్తుకు కాస్త పైనుంచే వంపు మొదలైపోతుంది. "ఇదే కావాలి" అని మావయ్య ఒక దిమ్మె దగ్గర చతికిలబడ్డాడు. చిన్న గుమ్మటాలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఆ తోపులు అక్కడికక్కడే చెల్లిపోతాయి, మిగిలిందంతా బయటి వరసకు వస్తుంది, అందుకే బయటి కమానులు ఇలా బలిసి, నేలకు కరుచుకుని ఉన్నాయని ఆయన లెక్క. ఎవరైనా డ్రాయింగ్ ఇస్తే అక్కడికక్కడే చెక్ చేసేలా ఉన్నాడు.

దీన్ని స్పెయిన్‌లోని కోర్డోబా మసీదుతో పోల్చడం ఇక్కడ రివాజు. బోర్డుల్లో, బ్రోషర్లలో, గైడ్ల నోట అదే మాట. నాకైతే ఆ పోలిక బొత్తిగా కుదరదనిపించింది. కోర్డోబాకు పెద్ద ప్రాంగణం ఉంది. అక్కడ ఎక్కువ భాగానికి చెక్క కప్పు, స్తంభాల మీద రెండంతస్తుల కమానులు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. గుల్బర్గా మసీదు దేనికీ నకలు కాదు, ఆ తర్వాత దీన్ని చూసి దక్కన్‌లో ఇలా మరొకటి కట్టినవాళ్లూ లేరు.

సాయంత్రం హఫ్త్ గుంబజ్‌కు వెళ్లాం. ఇక్కడి సుల్తానుల గోరీల్లో పాతవి బొద్దుగా, గోడలు లోపలికి వాలి, పైన లోతులేని గుమ్మటాలతో ఉంటాయి. ఢిల్లీ తుగ్లక్‌ల పోలిక అది. 1422లో పోయిన ఫిరోజ్ షా గోరీ దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. రెండు గదులు, పక్కపక్కన రెండు గుమ్మటాలు, చూరు కింద గుడిలో కనిపించేలాంటి రాతి పనితనం. ఫిరోజ్ షా విజయనగరం మొదటి దేవరాయల కూతుర్ని పెళ్లాడాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ఆ పెళ్లి సంగతేమో గానీ, చూరు చెక్కిన చేతులు మాత్రం ఈ నేలవే.

గురువారం కావడంతో సూఫీ గురువు బందేనవాజ్ దర్గా వీధిలో అడుగుపెట్టే చోటు లేదు. దూరం నుంచే గుమ్మటం చూసి, బీదర్ బస్సెక్కాం.

శుక్రవారం, బీదర్

అష్టూరు బీదర్ ఊరికి తూర్పున మూడు కిలోమీటర్లు. పొలాల మధ్య బహమనీల గోరీలు వరసగా నిలబడి ఉంటాయి. గుల్బర్గా నుంచి ఇక్కడికి రాజధాని 1430 ప్రాంతంలో మార్చింది అహ్మద్ షా. జనం ఆయన్ని వలీ అంటారు. ముస్లింలకు ఆయన పీరు, లింగాయత్‌లకు అల్లమ ప్రభు. ఏటా హోళీ తర్వాత జరిగే ఉరుసు ముందుండి నడిపేది ఒక జంగమయ్య. మేం వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర కొబ్బరికాయ చిప్పలూ అగరొత్తులూ రెండూ ఉన్నాయి.

లోపల మొదట ఏమీ కనిపించదు. చీకటి. వాచ్‌మన్ అద్దం ముక్క ఒకటి పట్టుకుని బయట ఎండలో నిలబడ్డాడు. వెలుగు మచ్చ ఒకటి గుమ్మంలోంచి దూరి, గోడ మీద పాకుతూ పైకి ఎక్కింది. అది పోయిన చోటల్లా ఎరుపు, నీలం, బంగారు రంగు బయటపడ్డాయి. అక్షరాలు ముందు పట్టీలు పట్టీలుగా, ఆపైన చక్రాలుగా, గుమ్మటం దగ్గరికి వెళ్లేకొద్దీ చిన్నవై, ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి ఉన్నాయి. అహ్మద్ షా ఇరాన్‌లోని కిర్మాన్‌కు చెందిన షా నిమతుల్లా వలీకి శిష్యుడు. ఆ గురుపరంపర పేర్లు ఈ గోడల మీద ఉన్నాయి. "ఊపర్ దేఖో సాబ్, ఊపర్" అని వాచ్‌మన్ బయటి నుంచే కేక వేస్తూ అద్దాన్ని ఇంకాస్త వంచాడు. నడినెత్తిన వెలుగు ఆగింది.

గోరీ మీద గుమ్మటం ఎందుకు అని ఎవరైనా అడిగితే ఇక్కడికి పంపించాలి. గుమ్మటం అంటే ఆకాశం అని పుస్తకాల్లో చాలాసార్లు చదివాను. చదివినప్పుడల్లా అది పండితులు తర్వాత అంటగట్టిన మాటేమో అనుకునేవాణ్ణి. ఇక్కడ తల పైకెత్తి నిలబడ్డాక ఆ అనుమానం పోయింది. నలుచదరపు గదిలో నాలుగు దిక్కులున్నాయి, మనిషి ఎటో ఒక వైపు తిరిగి నిలబడతాడు. పైకి చూస్తే దిక్కుల్లేవు. ఎక్కడ మొదలుపెట్టి చూసినా చూపు చివరికి ఆ ఒక్క చుక్క దగ్గరికే వెళ్తుంది. సూఫీ గురువు పేరు గోడ మీద రాసి, ఆ చూపును పైకి నడిపించడానికి ఇంతకన్నా వేరే కప్పు పనికిరాదు.

అహ్మద్ షా చనిపోయింది 1436లో. అదే ఏడాది మార్చిలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బ్రునెలెస్కీ గుమ్మటం కింద కెథడ్రల్‌ను ప్రతిష్ఠించారు. ఆ మాట చెప్పగానే మావయ్య ఆగిపోయాడు. నేల నుంచి సెంటరింగ్ లేకుండా అంత గుమ్మటం లేపిన మనిషంటే ఆయనకు దేవుడితో సమానం. ఒక వరస పూర్తిగా చుట్టూ మూసుకుంటే అది తన బరువును తానే మోస్తుంది, దాని మీద రెండో వరస పెట్టొచ్చు. కమానుకు ఆ సౌకర్యం లేదు, ఆఖరి రాయి పెట్టేదాకా కింద ఆసరా ఉండాల్సిందే. "గుమ్మటం కట్టేటప్పుడే నిలబడుతుంది, కమాను కట్టాకే నిలబడుతుంది" అన్నాడు. మావయ్య ఇలాంటి మాటలు ముందే తయారు చేసుకుని వస్తాడని నాకు అనుమానం.

అయితే ఆ ఉదయం ఆయన్ని కదలకుండా నిలబెట్టింది అహ్మద్ షా గోరీ కాదు, కొంచెం అవతల ఉన్న హుమాయూన్ షా గోరీ. 1458 నుంచి 1461 దాకా మూడేళ్లే ఏలాడు. చరిత్రలో అతనికి మిగిలిన పేరు జాలిమ్, అంటే క్రూరుడు. అతని గోరీ మీద పిడుగు పడి గుమ్మటం సగం ఊడిపోయింది. చేసిన పాపానికి దేవుడు వేసిన శిక్ష అని ఊళ్లో చెప్పుకుంటారు. మిగతా సగం ఇంకా నిలబడే ఉంది.

ఇంజనీరింగ్ కాలేజీలో నిలువుకోత బొమ్మ గీయమంటారు చూడండి, ఇక్కడ పిడుగు గీసి పెట్టింది. గోడ మందం, గోడ నుంచి వంపు ఎక్కడ మొదలైంది, మూలను మూసిన కమాను వెనకాల ఏముంది, పైకి పోయేకొద్దీ గుమ్మటం దళసరి ఎలా తగ్గింది, ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నం ఎంత మందాన ఉంది, అన్నీ బయటకే ఉన్నాయి. సున్నం మందం చూసి మావయ్య ఆశ్చర్యపోయాడు. దాదాపు ఇటుకతో సమానంగా ఉంది కొన్ని చోట్ల. "సగం పోయాక మిగతా సగం పడిపోవాలి, లెక్క ప్రకారం. చుట్టు వరస తెగిపోయింది కదా. ఆపింది డంగు సున్నం పట్టే." గానుగలో ఎద్దులతో తిప్పించి రుబ్బిన ఆ సున్నం ఏళ్ల తరబడి గట్టిపడుతూ పోతుంది. ఆయన ఉద్యోగంలో చేరే నాటికే అది పోయి సిమెంటు వచ్చేసింది. గంటన్నర అక్కడే గడిపాం. మనిషన్నవాడు లేని ఫొటోలు తీశాడు, అన్నీ ఇటుకలే.

మధ్యాహ్నం బహమనీల మంత్రి మహమూద్ గవాన్ కట్టించిన మదరసా ముందు నుంచే చూశాం. సాయంత్రం ఊరికి పడమట, బహమనీల తర్వాత బీదర్‌ను ఏలిన బరీద్ షాహీల గోరీలు. అలీ బరీద్ గోరీకి నాలుగు వైపులా గోడల్లేవు, పెద్ద కమానులే. గాలి ఆడుతుంది, వెలుతురు ఉంటుంది, కానీ కింద ఉన్న ఒంటికి పైనున్న తలకాయ కాస్త పెద్దదైంది. ఇక్కడి నుంచి గుమ్మటం అర్ధగోళంగా ఉండటం మానేసి, మెడ దగ్గర సన్నబడి మధ్యలో ఉబ్బడం మొదలుపెట్టింది. ఆ ఉబ్బు బీజాపూర్‌లో, గోల్కొండలో ఎంత దూరం పోయిందో తర్వాతి రోజుల్లో చూశాం.

శనివారం, దారిలో

చెప్పుకోవడానికి ఏమీ లేదు. హుమ్నాబాద్, మళ్లీ కలబురగి, జేవర్గి, సిందగి. నల్లరేగడి, కంది చేలు, ఎండ. సిందగిలో జొన్నరొట్టె, గుత్తివంకాయను పోలిన ఎణ్ణెగాయి, శేంగా చట్నీ. మావయ్య మూడు రొట్టెలు లాగించి బస్సులో నిద్రపోయాడు.

బీజాపూర్ చేరేసరికి పొద్దు వాలింది. ఓపిక ఉన్నంతలో బారా కమాన్ చూశాం. బీజాపూర్ సుల్తాన్ రెండో అలీ ఆదిల్ షా తన తండ్రి కట్టించిన గోల్ గుంబజ్‌ను మించాలని మొదలుపెట్టిన గోరీ. 1672లో ఆయన పోయాడు, పని ఆగిపోయింది. నల్లరాతి కమానులు ఒకదాని వెనక ఒకటి ఆకాశంలోకి లేచి ఉన్నాయి, వాటి మీద పైకప్పు లేదు. ఫొటోలకు భలే ఉంటుంది. ప్రీవెడ్డింగ్ షూటింగు ఒకటి నడుస్తోంది అప్పుడు.

ఆదివారం, బీజాపూర్

గోల్ గుంబజ్‌కు పొద్దున్నే, గేటు తీయగానే వెళ్లాలి. ఎవరు చెప్పినా ఇదే చెబుతారు, ఎందుకో పది గంటలకు తెలుస్తుంది.

బయటి నుంచి చూస్తే నాకు ఎప్పుడూ నచ్చదు ఈ కట్టడం. ఒక పెద్ద రాతి పెట్టె, నాలుగు మూలలా ఏడేసి అంతస్తుల బురుజులు, మీద బోర్లించిన గుమ్మటం. దబ్బున పెట్టినట్టుంటుంది. గుమ్మటం మొదట్లో చుట్టూ చెక్కిన తామర రేకులు కూడా ఆ బరువును తేలిక చేయలేవు. దాబుల్‌కు చెందిన యాకూత్ దీని రూపశిల్పి అంటారు. పని ముగిసింది 1656లో, సుల్తాన్ మహమ్మద్ ఆదిల్ షా పోయిన ఏడాదే.

లోపల అడుగుపెట్టాక మాత్రం నచ్చడం, నచ్చకపోవడం అనే మాటలు పక్కన పెట్టాల్సి వస్తుంది. గోడ నుంచి గోడకు 41 మీటర్లు. దాదాపు 1,700 చదరపు మీటర్ల నేల మీద ఒక్క స్తంభం లేదు. నడుమ ఎత్తయిన అరుగు మీద చెక్క పందిరి, దాని కింద సుల్తాన్, భార్యలు, కూతురు, మనవడు, రంభ అనే నర్తకి పేర్ల మీద గోరీలు. అసలు సమాధులు నేలమాళిగలో ఉన్నాయి. రంభ గురించి గైడ్లు చెప్పే కథ ఒకటుంది, నామీద ప్రేముంటే పైనుంచి దూకు అని సుల్తాన్ అంటే దూకిందని. నమ్మబుద్ధి కాలేదు.

మూలల సంగతి ఇక్కడ తేలింది. ఒక్కో గోడ నుంచి రెండేసి చొప్పున ఎనిమిది చోట్ల నుంచి కమానులు లేస్తాయి. అవి నేరుగా ఎదుటికి పోవు, ఏటవాలుగా వెళ్లి ఒకదాన్నొకటి కోసుకుంటాయి. కింద పడుకుని చూస్తే రెండు చదరాలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా తిప్పి పెట్టిన ఆకారం కనిపిస్తుంది, ఎనిమిది కోణాల నక్షత్రం. ఆ నక్షత్రం నడుమ మిగిలిన గుండ్రం మీద గుమ్మటం కూర్చుంది. నేను నిజంగానే పడుకుని చూశాను, తుడిచేవాడు చీపురు ఆపి నా చుట్టూ తిరిగి పోయాడు.

మావయ్యకు ఇది పండగ. గుమ్మటం లోపలి వ్యాసం సుమారు 38 మీటర్లే, హాలు 41. అంటే గుమ్మటం గోడల మీద కూర్చోలేదు, గోడలకంటే లోపలికి వచ్చిన కమానుల మీద కూర్చుంది. ఆ కమానుల మధ్య నింపిన రాయీ సున్నమూ లోపలికి వేలాడుతూ, గోడల్ని లోపలికి లాగుతుంటాయి. గుమ్మటం వాటిని బయటికి తోస్తుంది. రెండూ సరి. "బత్తాయి తొక్క చీలకుండా లోపలి నుంచి పట్టుకున్నాడ్రా!" అన్నాడు. ఆ మాట హాలంతా తిరిగి ఏడెనిమిది సార్లు మాకే వినిపించింది. మావయ్య సిగ్గుపడటం నేను చూసింది అప్పుడే.

మరో సంగతి గుర్తొచ్చింది నాకు. గుల్బర్గాలో పోలిక కుదరదని కొట్టిపారేసిన కోర్డోబాలోనే, మెహరాబు ముందున్న చిన్న గుమ్మటాల్లో ఇలా ఒకదాన్నొకటి కోసుకునే కమానులు ఉన్నాయి, 10వ శతాబ్దానివి. పోల్చేవాళ్లు ఊరు తప్పారు, అంతే.

బురుజులో మెట్లు ఇరుకు, చీకటి. ఏడంతస్తులూ ఎక్కి, గుమ్మటం మొదట్లో లోపల చుట్టూ ఉన్న నడవలోకి వచ్చాం. నేల నుంచి 33 మీటర్ల ఎత్తు. నేను ఒక చివర, మావయ్య దానికి సరిగ్గా ఎదురుగా. గోడ వైపు తిరిగి ఆయన పర్సులోంచి టికెట్ తీసి చింపాడు. ఆ చప్పుడు నా చెవి పక్కన చింపినట్టే వచ్చింది. ఆ తర్వాత మామూలు గొంతులో అత్తయ్యకు ఫోన్ చేయాలని, బీపీ మాత్ర వేసుకున్నానని చెప్పాడు. గుండ్రటి గోడ వెంబడి చప్పుడు జారుకుంటూ వస్తుంది, మధ్యలోకి చెదిరిపోదు. పదకొండు నిమిషాలు అలా మాట్లాడుకున్నామేమో, ఇంతలో స్కూలు పిల్లల బస్సులు వచ్చాయి. రెండు వందల మంది పిల్లలు ఒకేసారి ఈలలు వేస్తే ఆ గుమ్మటం కింద ఏమవుతుందో రాయడం నా వల్ల కాదు. చెవులు మూసుకుని దిగిపోయాం.

"ప్రపంచంలో రెండో పెద్ద గుమ్మటం" అని గేటు బయట అందరూ చెబుతారు. పాంథియన్ 43 మీటర్లు, రోములోనే సెయింట్ పీటర్స్ 42 దాకా, ఫ్లోరెన్స్ కూడా దీనికన్నా పెద్దదే. ఈ కాలపు స్టేడియాల సంగతి సరేసరి. ర్యాంకు మాట పక్కన పెడితే, 1636లో షాజహాన్‌కు లొంగి ఒప్పందం రాసిచ్చిన సుల్తాన్, ఆగ్రాలో తాజ్ లేస్తున్న రోజుల్లోనే, తాజ్ గుమ్మటానికి రెట్టింపు వెడల్పున్న గుమ్మటం కట్టించుకున్నాడు. అది చాలదా?

ఊళ్లోని జామి మసీదులో ఇదే కమానుల కిటుకు చిన్నగా కనిపిస్తుంది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత మొదటి అలీ ఆదిల్ షా మొదలుపెట్టింది. అక్కడ సాధన చేసి ఇక్కడ కట్టారనుకోవచ్చు.

సాయంత్రం ఇబ్రహీం రోజా. గోల్ గుంబజ్ కట్టించిన మహమ్మద్ తండ్రి రెండో ఇబ్రహీం, రాణి తాజ్ సుల్తానా పడుకున్న చోటు, మలిక్ సందల్ కట్టించాడు. బయటి నుంచి చూడటానికి బీజాపూర్‌లో దీన్ని మించింది లేదు. సన్నటి మినార్లు, రాతి జాలీల్లో అల్లిన అక్షరాలు, తామర రేకుల్లోంచి మొగ్గలా పైకి వచ్చిన గుమ్మటం. లోపలికి వెళ్లి పైకి చూస్తే గుమ్మటం లేదు! రాతి పలకలతో చదునైన కప్పు ఉంది. 12 మీటర్ల చదరపు గది మీద, నడిమి పలకలకు కింద ఏ ఆసరా లేకుండా, సున్నం పట్టు మీదే నిలబడ్డ కప్పు. గుమ్మటం దానికి పైన, విడిగా ఉంది. కింద ఉన్నవాళ్లకు అది కనిపించదు.

తండ్రి గుమ్మటం బయటివాళ్ల కోసం, కొడుకు గుమ్మటం లోపలికి వచ్చినవాళ్ల కోసం. మావయ్య ఆ చదును కప్పును చూసి పెదవి విరిచాడు, "ఇది గారడీ" అన్నాడు. నాకేమో అమరావతి గుర్తొచ్చింది. సుమారు 50 మీటర్ల అడ్డం ఉన్న మహాచైత్యం కూడా బయటి నుంచి చూసి చుట్టూ తిరగాల్సిందే, దానికి లోపల అనేదే లేదు. నాగార్జునకొండ స్తూపాల్లో అయితే ఇటుక గోడలు చక్రం ఆకుల్లా కట్టి మధ్యలో మట్టి నింపారు. గుండ్రంగా లేచిన ఆకారాన్ని పవిత్రంగా చూడటానికి దాని కింద నిలబడక్కర్లేదని మన కృష్ణాతీరంలో ఎప్పుడో తెలుసు.

రాత్రి బస్సుకు హైదరాబాద్.

సోమవారం, ఇబ్రహీంబాగ్

కుతుబ్ షాహీ గోరీలు శుక్రవారం మూసి ఉంటాయి, సోమవారం జనం తక్కువ. ఇంట్లో స్నానం చేసి టిఫిన్ తిని బయల్దేరాం.

మూడు ఊళ్లు చూసి వచ్చాక ఇక్కడ కనిపించేదే వేరు. సుల్తాన్ కులీ బహమనీల కొలువులో తెలంగాణకు సుబేదారుగా వచ్చినవాడు, 1543లో హత్యకు గురయ్యాడు. ఆయన గోరీలో ఇంకా బీదర్ ఛాయలున్నాయి. ఆయన కొడుకు జంషీద్‌ది ఎనిమిది పలకలు, రెండంతస్తులు. జంషీద్ తమ్ముడు ఇబ్రహీం గోరీ గోడ మీద రంగు పలకల ముక్కలు అక్కడక్కడా మిగిలాయి, ఒకప్పుడు గోరీ ఎలా మెరిసిపోయేదో ఊహించుకోవడానికి అవి చాలు. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీది 40 మీటర్లు దాటిన ఎత్తు, పెద్ద వేదిక మీద. ఆయన కూతురు హయాత్ బక్షీ బేగం గోరీ కూడా సుల్తానులకు ఏమీ తీసిపోదు. చివరివాడు తానాషా మాత్రం ఇక్కడ లేడు. 1687లో గోల్కొండ పోయాక ఔరంగజేబు ఖైదులో దౌలతాబాద్ కోటలో బతికి, ఖుల్దాబాద్‌లో మట్టిలో కలిశాడు.

బీజాపూర్‌వాళ్లు వెడల్పుకు పోతే గోల్కొండవాళ్లు ఎత్తుకు పోయారు. గుమ్మటం మెడ సన్నం, నడుమ ఉబ్బు, మొదట్లో గచ్చుతో చేసిన రేకులు. రేకులు అక్కడే ఎందుకని అడిగితే మావయ్య ఏ మాత్రం కవిత్వం లేకుండా చెప్పాడు. "గోడా గుమ్మటమూ కలిసే చోటు ఏ మేస్త్రీ చేతిలోనూ నున్నగా రాదు. చీలికలు కూడా అక్కడే వస్తాయి. దాని మీద ఏదో ఒకటి అతికిస్తాడు. వీళ్లు పువ్వు అతికించారు."

ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి 2013 నుంచి ఇక్కడ మరమ్మతులు చేపట్టాయి. గత శతాబ్దంలో పూసిన సిమెంటును గీకేసి మళ్లీ సున్నం గచ్చు వేశారు. మేం వెళ్లినప్పుడు ఒక పక్క ఆ పని సాగుతోంది. మావయ్య ఆగలేక తాడు దాటి వెళ్లి మేస్త్రీతో మాట కలిపాడు. సున్నం ఎన్నాళ్లు నానబెడతారు, కరక్కాయ నీళ్లు ఎంత, బెల్లం ఎంత, ఎన్ని పూతలు, తడుపు ఎన్నిరోజులు? మేస్త్రీ ఓపిగ్గా చెప్పి, "పెద్దాయనా, ఉత్త చేత్తో ముట్టుకోకండి, కాలుద్ది" అన్నాడు. సిమెంటు తడిని లోపలే బిగబట్టి రాతిని పాడు చేస్తుందని, సున్నం తడిని పీల్చి వదిలేస్తుందని మావయ్యకు తెలియంది కాదు. కానీ సర్వీసులో ఎన్ని పాత బంగళాలకు సిమెంటు పూయించాడో లెక్కపెట్టుకుంటున్నట్టు కాసేపు మాట్లాడలేదు.

పక్కనే కోట కాబట్టి అటూ వెళ్లాం. ఫతే దర్వాజా దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరాన బాలాహిస్సార్ మీద వినిపిస్తుందని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. గోల్ గుంబజ్ చప్పుడును లోపలే తిప్పుకుంటే, ఇది బయటికి విసురుతుంది. దాన్ని పరీక్షించాల్సిందేనని మావయ్య పట్టుబట్టాడు. మోకాళ్ల నొప్పుల వల్ల తాను కిందే ఉండి, నన్ను పైకి తోలాడు. ఎండలో మెట్లన్నీ ఎక్కి, చెమటలు కక్కుతూ పైకి చేరి ఫోన్ చేశాను.

"కొట్టాను, వినబడిందా?"

"పది వినబడ్డాయి మావయ్యా. నీదేదో తెలియలేదు."

"సరే, వరసగా మూడు కొట్టి ఒకటి ఆపి కొడతా. అది నాది" అని పెట్టేశాడు.

ఒక నిమిషం తర్వాత అదే వరసలో చప్పట్లు వచ్చాయి. వెంటనే కింద ఉన్న టూరిస్టులందరూ అదే వరసలో మొదలుపెట్టారు.